ఏ.ఎల్.ఎస్. రోగికి అత్యవసర చికిత్స

ఎమియోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్ అనేది మెదడులోను, వెన్నుపాములోను ఉండే చాలక నాడీకణాలు క్రమంగా నశించిపోయే వ్యాధి. దీనిని సంక్షిప్తంగా ఏ.ఎల్.ఎస్. అంటారు. బ్రిటన్‌లోను, భారతదేశంలోని చాలా ఆసుపత్రులలోను మోటార్ న్యూరాన్ వ్యాధి అనే పేరుతో వ్యవహరిస్తారు. ఈ వ్యాధి ఉన్నవారిని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళినప్పుడు ఎదురయ్యే సమస్యలు, అక్కడ జరిగే చికిత్స, వెంట వెళ్ళే కుటుంబసభ్యులు ముందుగా తెలుసుకొని ఉండవలసిన విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ఇది అరుదైన వ్యాధి. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో ఏడాదికి లక్షమందిలో సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది. గుండెపోటును, రోడ్డు ప్రమాదాలను ప్రతిరోజూ చూసే క్యాజువాలిటీ వైద్యుడు ఏ.ఎల్.ఎస్. రోగిని ఏళ్ళ తరబడి చూడకపోవచ్చు. అందువలన ఆ గదిలో ఈ వ్యాధి గురించి ఎక్కువ తెలిసిన వ్యక్తి చాలాసార్లు రోగి వెంట వచ్చిన భార్యో, భర్తో, కొడుకో, కూతురో అవుతారు.

వ్యాధి స్వరూపం

శరీరంలో మన ఇష్టప్రకారం కదిలే కండరాలకు మెదడు నుండి ఆజ్ఞలు చేరవేసేవి చాలక నాడీకణాలు. ఇవి రెండు అంచెలుగా ఉంటాయి. మొదటి అంచె మెదడు నుండి బయలుదేరుతుంది, రెండవ అంచె మెదడుకాండం, వెన్నుపాముల నుండి కండరం వరకు సాగుతుంది. ఏ.ఎల్.ఎస్.లో రెండంచెలూ దెబ్బతింటాయి. ఆజ్ఞ అందని కండరం అదురుతుంది, చిక్కిపోతుంది, చివరకు కదలిక మానుతుంది. 1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ వ్యాధి లక్షణాలను వర్ణించాడు. అమెరికాలో దీనిని 1941లో ఈ వ్యాధితో మరణించిన బేస్‌బాల్ ఆటగాడు లూ గెహ్రిగ్ పేరుతో కూడా పిలుస్తారు.

స్పర్శ, చూపు, వినికిడి సాధారణంగా దెబ్బతినవు. కనుగుడ్లను తిప్పే కండరాలు చాలామందిలో చివరి దశ వరకు పనిచేస్తాయి. ఒంటిపై వాలిన ఈగను తోలుకోలేని మనిషికి ఆ ఈగ నడక మాత్రం పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది.

లక్షణాలు మొదలైన తరువాత ఎక్కువమంది రెండు నుండి ఐదేళ్ళు జీవిస్తారు, కొందరు పదేళ్ళు దాటి జీవిస్తారు. దక్షిణ భారతదేశంలో చిన్న వయసువారిలో వినికిడి లోపంతో పాటు కనిపించే మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి దీనికి బంధువు వంటిదే గాని చాలా నెమ్మదిగా నడుస్తుంది. దీనిని 1970లో మీనాక్షిసుందరం, ఆయన సహచరులు వర్ణించారు. కాబట్టి కాగితంపై మోటార్ న్యూరాన్ వ్యాధి అని చూడగానే రోగికి ఇక కొద్ది నెలలే ఆయుష్షు అన్న నిర్ణయానికి రావడం తగదు.

అత్యవసర పరిస్థితికి దారితీసే కారణాలు

ఏ.ఎల్.ఎస్. నెలల తరబడి మెల్లగా సాగే వ్యాధి. అది తనంతట తాను ఒక్క రాత్రిలో ముదరదు. రోగి పరిస్థితి కొన్ని గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో హఠాత్తుగా దిగజారితే వ్యాధి ముదిరిందని సరిపెట్టుకోరాదు. మరొక కారణం ఉన్నదని భావించి వెతకాలి, ఎందుకంటే ఆ కారణాలలో చాలావాటికి చికిత్స ఉన్నది.

అన్నిటిలోకి ముఖ్యమైనది శ్వాస వైఫల్యం. దానికి తరచుగా తోడయ్యేది న్యుమోనియా. మింగే శక్తి తగ్గినవారిలో ఆహారమో లాలాజలమో ఊపిరితిత్తులలోకి జారి ఇది వస్తుంది. ఏ.ఎల్.ఎస్. వలన జ్వరం రాదు గనుక జ్వరం ఉంటే అంటువ్యాధిని అనుమానించాలి. కదలిక లేని కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం మరొక ప్రమాదం. ఒక కాలు మాత్రమే వాచి, ఆ తరువాత ఆయాసం హఠాత్తుగా పెరిగితే ఈ అనుమానం బలపడుతుంది. ఇవి కాక పడిపోవడం వలన తలకు, తుంటికి తగిలే దెబ్బలు, శరీరంలో నీరు తగ్గడం, రోజుల తరబడి మలబద్ధకం, పొట్టకు అమర్చిన ఆహారపు గొట్టం ఊడిపోవడం కూడా రోగిని ఆసుపత్రికి రప్పిస్తాయి. ఇంట్లో శ్వాసయంత్రం మీద ఆధారపడినవారికి ఎక్కువసేపు కరెంటు పోవడమే ఒక అత్యవసర పరిస్థితి.

శ్వాస వైఫల్యం

ఊపిరి తీయడంలో ప్రధానమైన పని ఛాతీకి, పొట్టకు నడుమ ఉండే డయాఫ్రం అనే కండరానిది. ఇది బలహీనపడినప్పుడు ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నా వాటిలోకి చాలినంత గాలి వెళ్ళదు, లోపలి గాలి బయటకు రాదు. ప్రాణవాయువు లోటు కంటే ముందు బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకొంటుంది. ఉబ్బసంలో ఇబ్బంది గాలి గొట్టాలలో ఉంటుంది, న్యుమోనియాలో ఊపిరితిత్తిలోనే ఉంటుంది. ఇక్కడ దెబ్బతిన్నది తిత్తి కాదు, తిత్తిని ఊదే చేయి.

లక్షణాలు మెల్లగా మొదలౌతాయి. వెల్లకిలా పడుకోలేకపోవడం, దిండ్లు పెంచుకుంటూ పోవడం, రాత్రి పదేపదే మెలకువ రావడం, ఉదయం లేవగానే తలనొప్పి, పగలు మగత, రెండు మూడు మాటలకే ఊపిరి చాలకపోవడం, దగ్గులో బలం లేకపోవడం వీటిలో ముఖ్యమైనవి. మగత పెరిగి పిలిచినా సరిగా పలకకపోతే, పొంతన లేకుండా ప్రవర్తిస్తే బొగ్గుపులుసు వాయువు ప్రమాదకరమైన స్థాయికి చేరి ఉండవచ్చు. కొన్ని రాత్రులుగా నిద్రలేని మనిషి ఇప్పటికి నిద్రపోతున్నాడని ఇంట్లోవారు ఊరట చెందేది కూడా ఈ దశలోనే.

అత్యవసర విభాగంలో పొరబాటు జరగడానికి రెండు కారణాలున్నాయి. ఆయాసం తీవ్రంగా ఉన్న మామూలు రోగి రొప్పుతాడు, ముక్కుపుటాలు ఎగరేస్తాడు, మెడ కండరాలు బిగిస్తాడు. వైద్యులూ నర్సులూ దూరం నుండే గుర్తుపట్టేది ఈ దృశ్యాన్నే. ఏ.ఎల్.ఎస్. రోగికి అలా రొప్పడానికి కావలసిన కండరాలే లేవు. లోపల ఊపిరాడక అవస్థ పడుతూ కూడా పైకి ప్రశాంతంగా కనిపించవచ్చు. రెండవది వేలికి తగిలించే ఆక్సీమీటరు. అది ప్రాణవాయువును మాత్రమే చూపుతుంది, బొగ్గుపులుసు వాయువు సంగతి దానికి తెలియదు. తెరమీద 95 శాతం కనిపిస్తున్నా రోగి ప్రమాదంలో ఉండవచ్చు. దీనిని తేల్చేది ధమని నుండి రక్తం తీసి చేసే వాయు పరీక్ష. బొగ్గుపులుసు వాయువు పీడనం మామూలుగా 35 నుండి 45 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. అంతకు మించితే శ్వాసకు యంత్ర సహాయం అవసరమని అర్థం. బైకార్బొనేటు కూడా ఎక్కువగా ఉంటే ఈ ఇబ్బంది కొన్నాళ్ళుగా సాగుతున్నదని తెలుస్తుంది.

ప్రాణవాయువు ఇవ్వడంలో జాగ్రత్త

ఆయాసం అనగానే ఆక్సిజన్ మాస్కు తగిలించడం ఏ ఆసుపత్రిలోనైనా మొదట జరిగే పని. ఏ.ఎల్.ఎస్.లో కేవలం ప్రాణవాయువు ఇచ్చి ఊరుకుంటే హాని జరగవచ్చు. ఆక్సీమీటరు అంకె పెరుగుతుంది, చూసేవారికి ధైర్యం వస్తుంది. కాని గాలి రాకపోకలు పెరగలేదు గనుక బొగ్గుపులుసు వాయువు అలాగే పేరుకొంటూ ఉంటుంది. శ్వాసకు మెదడు ఇచ్చే ప్రేరణ కూడా తగ్గవచ్చు. ఫలితంగా రోగి మగతలోకి, ఆపై స్పృహలేని స్థితిలోకి జారిపోతాడు.

ఇక్కడ కావలసినది గాలిని లోపలికి నెట్టే సహాయం. ముక్కుకు గాని, ముక్కునూ నోటినీ కలిపి గాని మాస్కు బిగించి ఈ సహాయం అందించే యంత్రాన్ని బైపాప్ అంటారు. ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ, విడిచేటప్పుడు తక్కువ పీడనంతో ఇది పనిచేస్తుంది. గురక వ్యాధికి వాడే సీపాప్ యంత్రం చూడడానికి ఇలాగే ఉన్నా ఒకే పీడనం ఇస్తుంది, కండర బలహీనతకు అది చాలదు. 2006లో ప్రచురితమైన బ్రిటన్‌లోని న్యూకాజిల్ అధ్యయనంలో 41 మంది రోగులు పాల్గొన్నారు. గొంతు కండరాలు మరీ దెబ్బతినని వారిలో మాస్కు ద్వారా ఇచ్చే శ్వాస సహాయం వలన మధ్యస్థ జీవితకాలం 205 రోజులు పెరిగింది, జీవన నాణ్యత కూడా మెరుగైంది. ఈ వ్యాధికి వాడే రిలుజోల్ మందు వలన కలిగే లాభం సాధారణంగా రెండు మూడు నెలలే.

ఇంతమాత్రాన ప్రాణవాయువు నిషిద్ధమని కాదు. న్యుమోనియా ఉన్నప్పుడు అది అవసరం. బైపాప్‌తో కలిపి, ఆక్సీమీటరులో 88 నుండి 92 శాతం వరకు ఉండేలా, రక్తవాయు పరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. 2021లో కోవిడ్ రెండవ అల సమయంలో అనేక ఇళ్ళు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు సమకూర్చుకున్నాయి. ఇంట్లో ఉన్నది గదా అని వైద్యుని సలహా లేకుండా ఏ.ఎల్.ఎస్. రోగికి రాత్రంతా దానిని పెట్టి ఉంచడం ప్రమాదకరం.

వెల్లకిలా పడుకోబెట్టడం

డయాఫ్రం బలహీనంగా ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెడితే పొట్టలోని అవయవాలు పైకి నెట్టి ఊపిరికి చోటు లేకుండా చేస్తాయి. నోటిలో ఊరిన లాలాజలం గొంతులోకి జారుతుంది. అంబులెన్సు స్ట్రెచరు, సి.టి. స్కాన్ బల్ల, ఎక్స్‌రే బల్ల అన్నీ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టడానికి తయారైనవే. తల వైపు ఎత్తి కూర్చున్న భంగిమలో ఉంచాలని ప్రతిచోటా చెప్పవలసి ఉంటుంది, మనుషులు మారినప్పుడల్లా మళ్ళీ చెప్పవలసి ఉంటుంది. స్కాన్ తప్పనిసరి అయితే బైపాప్ పెట్టి, వీలైనంత తక్కువ సమయంలో ముగించాలి. మెడ నిలపలేని రోగిని లేపేటప్పుడు, మార్చేటప్పుడు తలకు చేయి ఆన్చి ఉంచాలి. చంకల క్రింద చేతులు వేసి ఎత్తడం వలన బలహీనమైన భుజం కీలు జారవచ్చు.

పొలమారడం, కఫం

మింగే కండరాలు దెబ్బతిన్నవారికి నీళ్ళు తాగినా పొలమారుతుంది. చూసేవారికి ఇది మిక్కిలి భయం కలిగిస్తుంది. ఏ.ఎల్.ఎస్. రోగులు ఊపిరాడక గిలగిలలాడుతూ మరణిస్తారనే భయం రోగులలోను, కుటుంబాలలోను బలంగా ఉన్నది. వాస్తవంలో అటువంటి మరణం అరుదు. సరైన ఉపశమన చికిత్స అందినప్పుడు ఎక్కువమంది బొగ్గుపులుసు వాయువు వలన కలిగే మగతలో ప్రశాంతంగా కన్నుమూస్తారు.

కఫం బయటకు రాకపోవడం మాత్రం నిజమైన సమస్య. దగ్గే బలం లేనప్పుడు కొద్దిపాటి జలుబు కూడా న్యుమోనియాగా మారవచ్చు. నోటిలోని చొంగను సక్షన్ యంత్రంతో తీస్తారు గాని లోతుగా ఉన్న కఫాన్ని అది అందుకోలేదు. గాలిని లోపలికి నింపి వెంటనే బయటకు లాగి దగ్గును అనుకరించే కాఫ్ అసిస్ట్ యంత్రం ఇందుకు ఉపకరిస్తుంది. ఈ యంత్రం లేని ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టు చేతులతో పొట్టను నొక్కి దగ్గుకు సహాయం చేస్తాడు. చొంగ తగ్గడానికి వాడే గ్లైకోపైరొలేట్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు మోతాదు మించితే కఫాన్ని జిగురుగా చేసి కొత్త చిక్కు తెస్తాయి. క్యాజువాలిటీలో నోటిద్వారా మాత్రలు, నీళ్ళు ఇచ్చే ముందు రోగి మింగగలడో లేదో అడిగి తెలుసుకోవాలి.

మాట పోయిన రోగి

మాట ముద్దగా వచ్చే రోగిని తాగివచ్చాడనో, పక్షవాతం వచ్చిందనో పొరబడడం జరుగుతుంది. మాట పూర్తిగా పోయినవారిని తెలివి లేనివారిగా భావించి వారి ముందే వారి గురించి మాట్లాడుకోవడం అంతకంటే తరచుగా జరుగుతుంది. ఏ.ఎల్.ఎస్. రోగులలో సగానికి అటూఇటూగా ఆలోచనలో, ప్రవర్తనలో కొంత మార్పు వస్తుంది, 10 నుండి 15 శాతం మందిలో మతిమరుపు జాతి వ్యాధి కూడా ఉంటుంది. మిగిలినవారికి జరుగుతున్నదంతా స్పష్టంగా అర్థమవుతుంది. కొందరిలో ఆపుకోలేని నవ్వు, ఏడుపు వస్తాయి. సూది గుచ్చుతున్నప్పుడు నవ్వే రోగికి మతి చలించలేదు. అది నాడులు దెబ్బతినడం వలన వచ్చే లక్షణం.

అవునన్నదానికి ఒకసారి, కాదన్నదానికి రెండుసార్లు కన్ను ఆర్పడం వంటి సంకేతం ముందే ఏర్పరచుకొని, దానిని కాగితంపై వ్రాసి మంచం దగ్గర అంటించడం మంచిది. అక్షరాల అట్ట మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చూపుతూ పోతే రోగి కనుసైగతో ఎంచుకొంటాడు. తెలుగులో గుణింతాల వలన అట్ట పెద్దదవుతుంది గనుక నొప్పి, ఊపిరి, కఫం, దాహం, ఒత్తిగించు, మాస్కు వంటి మాటలను విడిగా ఒక పక్క వ్రాసుకుంటే పని తొందరగా జరుగుతుంది. మీట నొక్కలేని రోగికి కాలింగ్ బెల్లు ఉండీ లేనట్లే. తెలిసిన మనిషి పక్కన ఉండడం ఈ రోగి విషయంలో చికిత్సలో భాగం. అత్యవసర విభాగాలలోను, ఐ.సి.యు.లలోను బంధువులను బయట ఉంచే నియమం ఉన్నప్పుడు ఈ కారణం చెప్పి ఒకరికైనా అనుమతి కోరాలి.

మందుల విషయంలో జాగ్రత్తలు

గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ఏ.ఎల్.ఎస్. రోగుల రక్తంలో పొటాషియంను ప్రమాదకరంగా పెంచి గుండెను ఆపివేయగలదు. ఇతర సడలింపు మందుల ప్రభావం కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. నిద్రమందులు మామూలు మోతాదులో ఇస్తే శ్వాస తగ్గిపోవచ్చు. మార్ఫిన్‌ను మాత్రం పూర్తిగా దూరం పెట్టనక్కరలేదు. చిన్న మోతాదులో అది ఊపిరాడని బాధను తగ్గిస్తుంది, అందుకోసమే దానిని వాడతారు. రిలుజోల్ వాడుతున్న రోగికి జ్వరం వస్తే తెల్లరక్తకణాల సంఖ్య పరీక్షించాలి, ఎందుకంటే ఈ మందు అరుదుగా వాటిని తగ్గిస్తుంది.

పొట్టకు అమర్చిన ఆహారపు గొట్టం ఊడిపోతే ఆ రంధ్రం కొన్ని గంటలలోనే మూసుకుపోవడం మొదలౌతుంది. ఉదయం చూద్దామని ఆగరాదు. గొట్టం అమర్చి కొద్ది వారాలే అయి ఉంటే ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం చేయకూడదు.

వెంట తీసుకువెళ్ళవలసినవి

తెలుగు రాష్ట్రాలలో అందరికీ తెలిసిన 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ఈ నంబరుకు ఫోను చేసినప్పుడు రోగి శ్వాసకండరాలు బలహీనమని, పడుకోలేడని ముందుగానే చెప్పాలి. ఇంట్లోని బైపాప్ యంత్రాన్ని, రోగి ముఖానికి అలవాటైన మాస్కును, కరెంటు తీగను, బ్యాటరీని తప్పక తీసుకువెళ్ళాలి. ఆసుపత్రిలో యంత్రం ఉన్నా సరిపోయే మాస్కు దొరకకపోవచ్చు. మాస్కు చుట్టూ గాలి కారిపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా నిరుపయోగం. ఫీడింగు సిరంజిలు, అక్షరాల అట్ట, మందుల చీటీలు కూడా ఒకే సంచిలో సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

అన్నిటికంటే విలువైనది ఒక పేజీ కాగితం. వ్యాధి పేరు, చూస్తున్న న్యూరాలజిస్టు ఫోను నంబరు, బైపాప్ పీడనాల అంకెలు, చివరి శ్వాస పరీక్ష ఫలితం, వాడే మందులు, పడనివి, రోగి సంభాషించే పద్ధతి, వెంటిలేటరు విషయంలో రోగి నిర్ణయం దానిలో ఉండాలి. ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వరాదు, వెల్లకిలా పడుకోబెట్టరాదు, సక్సినైల్‌కోలిన్ వాడరాదు అనే మూడు వాక్యాలు పైన పెద్ద అక్షరాలతో ఉండాలి. బంధువు నోటిమాటను పక్కన పెట్టే డ్యూటీ డాక్టరు సైతం నిపుణుని సంతకం ఉన్న కాగితాన్ని చదువుతాడు. బ్రిటన్‌లోని మోటార్ న్యూరాన్ డిసీజ్ అసోసియేషన్ ఇటువంటి హెచ్చరిక కార్డును రోగులకు అందిస్తుంది.

వెంటిలేటరు నిర్ణయం

బైపాప్ చాలనప్పుడు గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటరు పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. న్యుమోనియా వంటి తాత్కాలిక కారణమైతే కొందరు తిరిగి మాస్కు స్థాయికి రాగలరు. శ్వాసకండరాలు అప్పటికే బాగా క్షీణించినవారిలో గొట్టం తీయడం సాధ్యపడకపోవచ్చు. అప్పుడు మెడవద్ద శ్వాసనాళానికి రంధ్రం చేసి, శాశ్వతంగా యంత్రంపై జీవించవలసి వస్తుంది. దానికి ఇంట్లో రాత్రింబవళ్ళు మనుషులు కావాలి, ఖర్చు భరించే శక్తి కావాలి. వ్యాధి ముదరడం మాత్రం ఆగదు. సమ్మతి పత్రంపై సంతకం కోసం నిమిషాల వ్యవధి ఇచ్చే చోట ఇంత పెద్ద ప్రశ్న మొదటిసారిగా ఎదురుకావడం ఈ వ్యాధిలోని విషాదాలలో ఒకటి. రోగి మాట్లాడగలిగిన రోజులలోనే, ఇంట్లోనే దీనిని చర్చించుకోవడం అవసరం.

భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ జీవితంలో ఈ ఘట్టం 1985లో వచ్చింది. జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థకు వెళ్ళినప్పుడు ఆయనకు న్యుమోనియా సోకి వెంటిలేటరు పెట్టవలసి వచ్చింది. యంత్రాన్ని ఆపివేయడం గురించి అక్కడి వైద్యులు ప్రస్తావించగా ఆయన భార్య జేన్ అంగీకరించలేదు. ఆయనను విమానంలో కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రికి తరలించి మెడకు శస్త్రచికిత్స చేశారు. దానితో మిగిలిన కొద్ది మాట కూడా పోయింది. కొంతకాలం అక్షరాల అట్ట చూపినప్పుడు కనుబొమ్మ ఎత్తడమే ఆయనకు భాష. కాలం గురించిన ఆయన ప్రసిద్ధ గ్రంథం వెలువడినది ఆ తరువాతే, 1988లో. 2018 మార్చి 14న 76వ ఏట మరణించాడు. 1963లో వ్యాధి నిర్ధారణ అయిన హాకింగ్‌ది అసాధారణంగా నెమ్మదిగా నడిచిన వ్యాధి. ప్రతి రోగికీ వెంటిలేటరు పెడితే ఇలాగే జరుగుతుందని ఈ ఉదాహరణ నుండి గ్రహించరాదు, వద్దన్నవారిది పిరికితనమనీ భావించరాదు.

భారతదేశంలో చట్టపరమైన స్థితి

ప్రాణాపాయంలో ఉన్న రోగికి ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా ప్రతి వైద్యుడూ వెంటనే చికిత్స అందించాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తీర్పు ఇచ్చింది. చికిత్సను వద్దనే హక్కు గురించిన తీర్పు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో వెలువడినది. స్పృహ, వివేచన ఉన్న వయోజనుడు వైద్యాన్ని నిరాకరించవచ్చునని, లివింగ్ విల్ అనే ముందస్తు వైద్య ఆదేశం చెల్లుతుందని కోర్టు ప్రకటించింది. అప్పట్లో ఆ పత్రంపై జ్యుడీషియల్ మెజిస్ట్రేటు సంతకం కావలసి ఉండేది. అది ఆచరణలో కష్టమైనందున 2023 జనవరిలో కోర్టు నిబంధనలను సడలించింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే ఇప్పుడు చాలు.

రోగి నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ ఆదేశం అమలుకు వస్తుంది. చికిత్స చేస్తున్న వైద్యుడు, మరి ఇద్దరు నిపుణులతో కూడిన ఆసుపత్రి బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. తరువాత జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండే రెండవ బోర్డు చూస్తుంది. ఒక్కొక్క బోర్డు వీలైనంతవరకు 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో అంత వ్యవధి ఉండదు గనుక, రోగి సంతకం చేసిన పత్రం ప్రతిని న్యూరాలజిస్టు వద్ద ఒకటి, ఆసుపత్రి సంచిలో ఒకటి ఉంచుతారు. రోగి వెంటిలేటరును నిరాకరించినా బైపాప్, సక్షన్, యాంటిబయాటిక్‌లు, ఆయాసాన్ని తగ్గించే మార్ఫిన్ అతనికి అందవలసిందే.